కోడి కాలి రంగు



కోడిని రంగునుబట్టి పిలుచుట మన యూళ్లలో చిరకాలముగా నున్న యాచారము. ఎఱ్ఱనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. ఈ పేళ్లు పందెగాండ్ర నోట విశేషముగా వినబడును. ఆ పందెముల మాట నేనిచట నెత్తను. నేను విన్నవింపదలచినది వేఱొకటి. కంటికి కనబడు రంగు ఒకటి, ఆ కోడి తన పిల్లలకిచ్చు రంగు మఱియొకటి కావచ్చును. ఈ భేదము నెఱుగక రంగునకు వెల కట్టినచో సొమ్ము వ్యర్థమగును.

స్పెయిన్ దేశపు ఆండలూసియా సీమ పేరు గల నీలి కోళ్లను చూడుడు. నీలి పుంజును నీలి పెట్టతో జతపఱచినచో, సగటున నాలుగు పిల్లలలో రెండు మాత్రమే నీలివి; ఒకటి నల్లనిది, ఒకటి మచ్చలు చల్లిన తెల్లనిది. ఎన్ని తరములు ఏఱి పెంచినను ఇంతే. ఆ నల్లనిదానిని, మచ్చల తెల్లదానిని కలిపితిరా, పిల్లలన్నియు నీలివే! తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి వచ్చిన రెండు వేఱు బీజముల కలయికయే ఆ నీలము. మెండెల్ కనుగొనిన వంశసూత్రములు కోళ్లకును వర్తించునని ఇంగ్లండున విలియం బేట్‌సన్ 1902లో తెలిపెను.

కాలి రంగు ఇంతకంటె చిక్కైనది; అది రెండు పొరల కూర్పు. పైన పసుపు, లోన నలుపు ఉన్నచో కాలు ఆకుపచ్చగా కనబడును. పసుపు లేక లోని నలుపు మాత్రమే యున్నచో నీలి బూడిదవన్నె. నలుపు లేక పసుపున్నచో పసుపు కాలు. రెండును లేనిచో తెల్లని కాలు.

ఆ పసుపు తల్లిదండ్రు లిరువురినుండియు బీజము వచ్చినప్పుడే బయటపడును. ఎఱ్ఱ అడవికోడి మన పెంపుడు కోళ్లకు మూలపురుషుడని చెప్పుదురు గదా. ఈ పసుపు బీజము మాత్రము దానిది గాదనియు, మన దక్షిణ ద్వీపకల్పపు అడవులలో తిరుగు బూడిదవన్నె అడవికోడినుండి వచ్చినదనియు 2008లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. రంగు మాత్రము మేతనుండి, అనగా మొక్కజొన్ననుండియు ఆకునుండియు చేరును. పెట్ట గ్రుడ్లు పెట్టుచున్నప్పుడు ఆ పసుపు సొనకు పోవును, కాళ్లకు చేరదు. కావున సంతలో పసుపు జాతి పెట్ట కాళ్లు వెలవెలబోయినవని త్రోసివేయవలదు. జుట్టు ఎఱ్ఱగాను, కన్ను చుఱుకుగాను ఉన్నచో, అది పెక్కు గ్రుడ్లు పెట్టిన పెట్ట కావచ్చును. జుట్టుకూడ పాలిపోయినచో రోగమని శంకింపవలెను.

ఇక నలుపు సంగతి. మధ్యప్రదేశమున ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడికి కాళ్లేగాక నాలుక, తోలు, మాంసము సయితము నల్లనివి. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. వెల యెక్కువ, అందుచే మోసమునకును చోటెక్కువ.

ఆ మోసమెట్లు సాగునో వినుడు. లోని నలుపు నణచు బీజమొకటి కలదు. పుంజులో దానికి రెండు స్థానములు, పెట్టలో ఒక్కటే. పెట్ట తనకున్న దానిని కొడుకులకే యిచ్చును, కూతుళ్ల కీయదు. కూతుళ్లు తండ్రినుండియే పొందవలెను. ఇపుడు నల్లజాతి పుంజును, అణచు బీజము గల పసుపు కాళ్ల పెట్టతో కలిపినారనుకొనుడు. కూతుళ్లందఱు తండ్రివలె నల్లనగుదురు; కొడుకులకు తల్లి బీజము వచ్చుటచే నలుపు కొంచెమే. అదే నల్లజాతి పెట్టను పసుపు కాళ్ల పుంజుకు జతపఱచినచో, కొడుకులు గాని కూతుళ్లు గాని మిక్కిలి నల్లన కారు. సిల్కీ యను నల్లతోలు కోళ్లపై బేట్‌సన్, పన్నెట్ అను పండితులు చేసిన పరీక్షలలో ఈ వరుసయే తేలినది. వారు దానిని 1911లో ప్రకటించిరి.

కావున నిగనిగలాడు నల్లని పెట్టను జూపి "శుద్ధజాతి" యనువానిని, దాని యన్నదమ్ములను చూపుమని యడుగుడు. వారి తోలు తెలుపు తిరిగియున్నచో అది సంకరపు పెట్ట. అన్నదమ్ములు లేనిచో వేఱొక యుపాయము. నల్లతోలు గాని నలుపు నణచు బీజము గాని లేని పుంజుతో దానిని జతపఱచి, గ్రుడ్లను పొదిగింపుడు. సంకరమైనచో పిల్లలలో సుమారు సగము తోలు నలుపు లేకయే పుట్టును. సంకరపు పెట్టకు 12 పిల్లలు పుట్టి అన్నియు నల్లనివగుటకు 4,096 పాళ్లలో ఒక పాలు మాత్రమే అవకాశమని లెక్కకు వచ్చును. ఈ పరీక్షకు కాలము కొంత పట్టును గాని, పది పెట్టలకు ముందుగా సొమ్ము చెల్లించుటకంటె ఒక పెట్టను తెచ్చి చూచుకొనుట చౌక. ఏ పిల్ల ఏ పెట్టదో తెలియుటకై పుట్టిన దినముననే కాలికి రంగు దారము కట్టి, పుస్తకమున వ్రాసికొనుడు. పిల్ల పెరుగుకొలది దారము బిగియును. వారమునకొకసారి వదులు చేయవలెను.