పక్కవాద్యం ముందుకొస్తే
(రోలాలోని తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం)

కంప్యూటర్ల గురించి మాట్లాడతాననుకుని వచ్చినవారు క్షమించాలి. నేను చెప్పబోయేది రాయ్ హేన్స్ అనే డ్రమ్మర్ గురించి.

హేన్స్ 1925లో బోస్టన్‌లో పుట్టారు. 2024 నవంబరులో, 99వ ఏట కన్నుమూశారు. 1949లోనే చార్లీ పార్కర్ బృందంలో చేరారు. తర్వాత కోల్‌ట్రేన్, చిక్ కొరియా వంటి హేమాహేమీలతో వాయించారు. ఎనభయ్యో పడి దగ్గరపడ్డాక, మనవల ఈడు కుర్రాళ్లను కూడగట్టి 'ఫౌంటెన్ ఆఫ్ యూత్' అనే బృందాన్ని నడిపారు. అదే పేరుతో 2004లో ఆల్బమ్ కూడా వచ్చింది.

ఈ బాణీని పోస్ట్‌బాప్ అంటారు. పేరు కొత్తగాని సంగతి మనకు తెలిసిందే. పాతకాలపు జాజ్ డ్రమ్మర్ పని గడియారంలా లెక్క తప్పకుండా కొట్టడం. హేన్స్ ఆ లెక్కను మనసులో పెట్టుకుని, సాక్సఫోన్ వేసే ప్రతి మెలికకూ బదులు చెబుతారు. మన కచేరీలో తాళం గాయకుడి చేతిలో ఉంటుంది, మృదంగం సంగతుల వెంట నడుస్తుంది. అంతే కదా! కాకపోతే మన దగ్గర పక్కవాద్యం పక్కనే ఉండిపోతుంది. తని ఆవర్తనం మొదలవగానే సగం మంది కాఫీకి లేస్తారు. నేనూ లేచినవాణ్నే.

ఏలూరులో పుట్టిన నిడుమోలు సుమతి గారు, ఆడవాళ్లు మృదంగం పట్టడమే వింతగా చూసే రోజుల్లో నేర్చుకుని, భర్త దండమూడి రామమోహనరావు గారితో కలిసి జంట మృదంగ కచేరీలు చేశారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. మనలో ఎంతమంది విన్నాం?

ఈ గొడవంతా నాకెందుకంటే, మా అబ్బాయి. పదహారేళ్లవాడు. డ్రమ్స్ కొనిమ్మంటే "ముందు మార్కులు" అన్నాను. మా నాన్నగారు సరిగ్గా ఇదే మాట అన్నారు. ఇంజనీరింగు సీటొచ్చిన నెలలోనే నా మృదంగం అటకెక్కింది. ఆయన్ని తప్పుపట్టను, ఆ సీటు ఇంటికి ఆధారం. నాకు ఆ బెదురు లేదు, అయినా నోటికి అదే వచ్చింది. వాడేమీ అనలేదు. ఒక రాత్రి హేన్స్ పాట నా చెవికి పెట్టి, "నాన్నా, ఎక్కడ కొట్టకుండా వదిలేస్తున్నాడో విను" అన్నాడు. మూడుసార్లు విన్నాను.

పోయిన వేసవిలో ఆ మృదంగానికి మూతలు మార్పించి ఇక్కడికి తెచ్చాను. ఎడమ మూతకు తడిపిన రవ్వ పెట్టాలి గనక మా వంటింట్లో బొంబాయిరవ్వ డబ్బా తరచూ మాయమవుతోంది. పక్క ఫ్లాటువారికి ఇబ్బంది లేకుండా వాడికి రబ్బరు ప్యాడ్ కొన్నాం, డ్రమ్స్ బేరంలో ఉన్నాయి. శుక్రవారం సాయంత్రాలు ఇద్దరం కూర్చుంటున్నాం. ఎక్కడ ఆపాలో వాడే చెబుతున్నాడు.