కొమ్ము కోనాం: రెండు ఊళ్ల కథ



నేడు మీతో ఒక చేపను గురించి మాటాడదలచినాను. బాటలు, దీపములు, మంచినీరు మొదలగు విషయములను విడిచి సముద్రములోని చేప ప్రస్తావన యేల యని మీలో కొందరు అనుకొనవచ్చును. ఈ చేప ఒక ఊరికి లోకమంతట పేరు తెచ్చినది. ఇరువది యేండ్లు తిరుగక మునుపే ఆ ఊరు ఆ వైభవమును పోగొట్టుకొన్నది. అదే చేప మరియొక ఊరికి బ్రదుకు తెరువైనది. ఆ ఊరు దానిని నేటికిని నిలుపుకొన్నది. ఊరుమ్మడి సొత్తును అనుభవించుట యెట్లు, కాపాడుకొనుట యెట్లు అనునది పంచాయతీ పనులన్నిటిలోను పెద్ద పని. కనుక ఈ రెండు ఊళ్ల కథ మనము వినదగినది.

ఆ చేప పేరు మార్లిన్. ఉత్తరాంధ్ర తీరమున మన మత్స్యకారులు దీనిని కొమ్ము కోనాం అందురు. దీని చుట్టమగు తెరచాప చేపను కూడ ఆ పేరుతోనే పిలుచుట కలదు. పై దవడ ముందునకు సాగి బల్లెమువలె నుండుటచే దీనికి ఆ పేరు వచ్చినది. ఈ కొమ్ముతో మార్లిన్ చిన్నచేపల గుంపును అటునిటు కొట్టి, దెబ్బతిన్న వానిని మ్రింగును. నల్ల మార్లిన్, నీలి మార్లిన్, చారల మార్లిన్, తెల్ల మార్లిన్ అని ఇందు రకములు కలవు. తెల్ల మార్లిన్ అట్లాంటిక్ సముద్రమునందే యుండును. నల్ల మార్లిన్ హిందూ, పసిఫిక్ మహాసముద్రములలో నుండును. ఎదిగిన నల్ల మార్లిన్‌ను గుర్తించుట సులభము: దాని ప్రక్క రెక్కలు బిగుసుకొని యుండి, ఒంటికి ఆనునట్లు ముడుచుకొనవు.

ఈ చేప వేగమును గురించి పూర్వము చాల గొప్పగా చెప్పుకొనెడివారు. గంటకు నూరు కిలోమీటర్లకు మించి పరుగెత్తునని పుస్తకములలో కూడ వ్రాసిరి. ఇటీవల శాస్త్రజ్ఞులు తెరచాప చేపను జాగ్రత్తగా కొలిచి చూడగా, దాని మిక్కిలి వేగము గంటకు సుమారు 30 కిలోమీటర్లు మాత్రమే యని తేలినది. నీటిలో ఆ మాత్రపు వేగమే సామాన్యము కాదు. ఈ జాతి చేపల కన్నులకును మెదడునకును దగ్గరగా వెచ్చదనమును పుట్టించు కండ యొకటి కలదు. లోతున చన్నీటిలోనికి దిగినను చూపు మందగింపకుండ అది తోడ్పడును.

ఇక ఒక ముఖ్య విషయము. మార్లిన్‌లలో భారీ చేపలన్నియు ఆడచేపలే. మగచేప సాధారణముగా 200 కిలోలకు లోబడియే యుండును. అయిదారు వందల కిలోల చేప పట్టుబడిన దనగా, కోట్ల కొలది గ్రుడ్లు పెట్టగల తల్లిచేప పట్టుబడినదని అర్థము. ఈ మాటను గుర్తుంచుకొనుడు. రానున్న కథకు ఇది కీలకము.

విదేశములలో ధనవంతులు కొందరు ఈ చేపను తిండికొరకు గాక వినోదము కొరకు వేటాడుదురు. పడవ వెనుక భాగమున బిగించిన కుర్చీలో కూర్చుండి, బలమైన గాలపు కర్రతోను, దారము చుట్టు చక్రముతోను గంటల తరబడి చేపతో పోరాడుదురు. గాలము తగిలిన మార్లిన్ నీటిపైకి ఎగిరి, తల విదిలించి, మరల లోతునకు దిగిపోవును. ఈ వేటకు నియమములు ఏర్పరచి, లెక్కలు వ్రాసి యుంచుటకు 1939లో ఒక అంతర్జాతీయ సంఘము వెలసినది. ఎర్నెస్ట్ హెమింగ్వే అను అమెరికా రచయిత క్యూబా దేశపు ముసలి మత్స్యకారుడు ఒకడు మార్లిన్‌తో పోరాడిన కథను 1952లో నవలగా ప్రకటించెను. రెండేండ్ల తరువాత ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

ఇప్పుడు మొదటి ఊరి కథ వినుడు. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు ఉత్తర తీరమున కాబో బ్లాంకో అను చిన్న బెస్తపల్లె కలదు. దక్షిణమునుండి వచ్చు చల్లని ప్రవాహమును, భూమధ్యరేఖ వైపునుండి వచ్చు వెచ్చని నీరును ఆ ప్రాంతమున కలియును. అందుచే చిన్నచేపలు విస్తారముగా నుండెడివి. వానికొరకు పెద్ద మార్లిన్‌లు ఒడ్డునకు చేరువగా వచ్చెడివి. 1950వ దశకమున అచ్చట ధనవంతుల వేట క్లబ్బు ఒకటి నడచినది. 1953 ఆగస్టు 4వ తేదీన ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ అను అమెరికా దేశస్థుడు ఆ నీటిలో సుమారు పదునాలుగున్నర అడుగుల పొడవు, 1,560 పౌనుల బరువు, అనగా సుమారు 707 కిలోలు గల నల్ల మార్లిన్‌ను పట్టెను. ఆ పోరాటము ఒక గంట నలుబదియైదు నిమిషములు సాగినది. గాలపు కర్రతో అంతకు మించిన మార్లిన్‌ను పట్టినట్లు ఆ సంఘపు లెక్కలలో నేటికిని మరియొకటి చేరలేదు. తన నవల ఆధారముగా తీయు చలనచిత్రము పనిమీద 1956లో హెమింగ్వే కూడ ఆ ఊరికి వచ్చి వేటాడెను. ఒక బెస్తపల్లెకు అంతకు మించిన ఖ్యాతి ఏమి కావలెను?

కాని ఆ వైభవము నిలువలేదు. 1970 ప్రాంతమునకు క్లబ్బు మూతపడినది. కారణములు పెక్కు చెప్పుదురు: సముద్ర ప్రవాహములు మారుటయు, దేశ రాజకీయములు మారుటయు అందున్నవి. వానితోపాటు చెప్పెడి మరియొక కారణము మన మాలోచింపదగినది. పెరూ తీరమున మన నెత్తళ్ల జాతికి చెందిన చిన్నచేప విస్తారముగా దొరకెడిది. దానిని పట్టి, ఎండబెట్టి, పిండి చేసి, కోళ్లకును పందులకును మేతగా విదేశములకు అమ్మసాగిరి. 1970లో ఒక్క యేట ఆ చేప దిగుబడి 1 కోటి 20 లక్షల టన్నులకు మించినది. రెండేండ్లు గడచునప్పటికి, సముద్రము వేడెక్కిన యేడు కూడ తోడై, ఆ వేట కుప్పకూలినది. పెద్దచేపను పోషించునది చిన్నచేపయే. అడుగున పునాదిని త్రవ్వివేసి పైన మేడ నిలువవలె నన్నచో నిలుచునా? ఊరికి పేరు తెచ్చిన చేపను అందరును చూచిరి గాని, ఆ చేపకు తిండి పెట్టిన చేపను ఎవరును చూడలేదు. అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట, 2024లో, పెరూ ప్రభుత్వము ఆ తీరపు సముద్రమును ఇతర భాగములతో కలిపి సంరక్షిత ప్రాంతముగా ప్రకటించినది.

రెండవ ఊరు ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్. అది మహా పగడపు దిబ్బల చెంతనున్న రేవు పట్టణము. 1966 సెప్టెంబరులో జార్జి బ్రాన్స్‌ఫర్డ్ అనువాని పడవపై 1,064 పౌనుల నల్ల మార్లిన్ పట్టుబడగా, లోకములోని వేటకాండ్ర చూపంతయు అటు మరలినది. సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు తల్లి మార్లిన్‌లు గ్రుడ్లు పెట్టుటకు ఆ దిబ్బల అంచునకు వచ్చునని తెలిసికొనిరి. మొదట పట్టిన చేపను రేవునకు తెచ్చి, వ్రేలాడదీసి, ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొనెడివారు. క్రమముగా ఆ వాడుక తగ్గినది. చేపను పడవ ప్రక్కకు తెచ్చి, వీపునకు నంబరు గల చిన్న చీటి గ్రుచ్చి, ప్రాణముతో విడిచిపెట్టు పద్ధతి వచ్చినది. ఆ దేశమున 1973 నుండి ఈ చీటీల లెక్క వ్రాయుచున్నారు. ఒకచోట విడిచిన చేప వేల మైళ్ల దూరమున మరల పట్టుబడినచో, దాని ప్రయాణము తెలియును. 1998లో ప్రభుత్వము వ్యాపారపు ఓడలు నల్ల, నీలి మార్లిన్‌లను ఉంచుకొనరాదని శాసనము చేసినది. ఫలితముగా అదే చేప ఈ యేడు ఒకరికిని, పై యేడు మరియొకరికిని ఆనందము నిచ్చుచున్నది. పడవవారు, బసలవారు, వంటవారు, ఎర అమ్మువారు దానివలన జీవించుచున్నారు. చంపిన చేప ఒకసారి అమ్ముడగును. బ్రదికియున్న చేప ఏటేట అక్కరకు వచ్చును.

మన తెలుగువారికి మార్లిన్ కొత్త కాదు. 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి ఓడలెక్కి మారిషస్ చేరిన తెలుగువారి సంతతి నేటికిని ఆ ద్వీపమున కలరు. నీలి మార్లిన్ వేటకు ఆ ద్వీపము పేరుపొందినది. పొగబెట్టిన మార్లిన్ అచ్చట విందు భోజనము. మన బంగాళాఖాతమునను ఈ చేప గాలములకును వలలకును చిక్కుచునే యున్నది. అయితే అచ్చట అది వినోదము, ఇచ్చట జీవనాధారము. బిగించిన కుర్చీయు, నడుమునకు పటకాయు మనవారికి లేవు. చేతికి త్రాడు, క్రింద చిన్న పడవ, అంతే. 2022లో అనకాపల్లి తీరమున ఒక మత్స్యకారుడు ఈ చేప కొమ్ము పోటునకు ప్రాణము కోల్పోయినాడు. 2025 జూలైలో అదే తీరమున పూడిమడక మత్స్యకారుడు ఒకడు, గాలమునకు చిక్కిన చేపను పడవలోనికి లాగుచుండగా, దానితోపాటు సముద్రములోనికి లాగబడి గల్లంతైనాడు. ఒక్క చేప వెల ఒక ఇంటి దీపమునకు సాటి యగునా?

కనుక తీర గ్రామముల పంచాయతీ సభ్యులకు కొన్ని మనవులు.

మొదటిది, ప్రాణరక్షణ. గాలపు త్రాడును చేతికిగాని నడుమునకుగాని చుట్టుకొనరాదు. త్రాడు కోయుటకు పదునైన కత్తి ప్రతి పడవలోను చేతికందునట్లు ఉండవలెను. చేప పూర్తిగా అలసిపోవునంతవరకు దానిని పడవలోనికి ఎత్తరాదు. ఎత్తునప్పుడు కొమ్మునకు ఎదురుగా ఎవరును నిలువరాదు. తేలు చొక్కాలు ఇంటివద్ద చిలుకకొయ్యకు గాక ఒంటిమీద ఉండవలెను. ఈ మాటలను పంచాయతీ సమావేశములలో పలుమారులు చెప్పవలెను.

రెండవది, నమోదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద ప్రమాదమున మరణించిన మత్స్యకారుని కుటుంబమునకు 5 లక్షల రూపాయల బీమా ఏర్పరచబడినది. పేరు నమోదు కానివాని కుటుంబము ఇట్టి సహాయమునకు దూరమగును. మీ ఊరిలో వేటకు పోవు ప్రతివాని పేరును మత్స్యశాఖ జాబితాలో నున్నదా లేదా యని ఇంటింటికి పోయి చూడుడు.

మూడవది, చిన్నచేపల రక్షణ. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట విరామము పాటింపబడుచున్నది. ఇది మత్స్యకారునిపై పగ కాదు, అతని పిల్లల కొరకు దాచు విత్తనము. ఈ విరామమును పాటించుటయు, సన్నకన్ను వలలతో పిల్లచేపలను ఊడ్చివేయకుండుటయు ఊరంతయు కలిసి చేయవలసిన కట్టుబాటు. హిందూ మహాసముద్ర దేశముల ట్యూనా సంఘములో మన దేశమును సభ్యురాలు. 60 సెంటీమీటర్లకు తక్కువగు మార్లిన్ పిల్లలను ఉంచుకొనరాదని ఆ సంఘము 2018లో తీర్మానించినది. ఎవరికైన చీటి గ్రుచ్చిన చేప దొరకినచో, ఆ చీటిని పారవేయక, తేదీయు, చోటును వ్రాసి మత్స్యశాఖవారికి అందజేయుడు.

నాల్గవది, ఆరోగ్యము. పెద్ద మార్లిన్ మాంసమున పాదరసము ఎక్కువగా చేరియుండును. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, చిన్నపిల్లలును దీనిని తినరాదని అమెరికా ఆహార శాఖ హెచ్చరించినది. చిన్నచేపలలో ఆ దోషము తక్కువ, వెలయు తక్కువ.

సముద్రము లేని గ్రామముల సభ్యులారా! మీ చెరువులో చేపల పాట పెట్టునప్పుడు ఈ కథను తలచుకొనుడు. పాటలో వచ్చిన రొక్కము ఒక్కటే చూచినచో కాబో బ్లాంకో దారి. ఏ చేపను పట్టవచ్చును, దేనిని విడువవలెను, ఎప్పుడు చెరువును తాకరాదు అని ముందుగా నిర్ణయించుకొన్నచో కెయిర్న్స్ దారి. ఈ నిర్ణయమును దూరముననున్న అధికారి ఒక్కడు చేయజాలడు. శాసనము ఎంత మంచిదైనను, ఊరు తన దానినిగా భావించిననే అది నిలుచును. ఆ భావము కలిగించుట మీ చేతిలో నున్నది. మీ తదుపరి సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును చేర్చి చర్చింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.