జోలాపుట్టు నీళ్ల కింద ఒక ఊరు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాచ్‌ఖండ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను 1974లో అక్కడ చేరాను. ఒనకఢిల్లీ నుండి వించ్ ట్రాలీలో పవర్‌హౌస్‌కు దిగిన తొలిరోజు కళ్లు గట్టిగా మూసుకున్నాను. మీలో చాలామంది అదే పని చేసి ఉంటారు!

ఆంధ్ర, ఒడిశాల సరిహద్దు కొండల్లో జోలాపుట్టు జలాశయం ఉంది. పూర్తి నీటిమట్టం 2,750 అడుగులు, నిల్వ సుమారు 34 టి.ఎం.సి.లు. అక్కడినుండి వదిలిన నీటిని డుడుమ వద్ద మళ్లించి, పెన్‌స్టాకుల గుండా పవర్‌హౌస్‌కు దింపుతారు. 1955 ఆగస్టులో రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారు దీనిని ప్రారంభించారు. ఆరు యూనిట్లు, మొత్తం సుమారు 120 మెగావాట్లు. ఆ నీరే తర్వాత బలిమెల, సీలేరుల్లో మళ్లీ టర్బైన్లు తిప్పి, శబరిలో కలిసి గోదావరి చేరుతుంది.

మొన్న చలికాలం మనవరాలితో వెళ్లాను. డుడుమ దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. "ఇంత పెద్ద జలపాతంలో నీళ్లు ఇంతేనా?" అని ఒకాయన పెదవి విరిచాడు. "మిగతా నీళ్లు మీ ఇంట్లో ఫ్యాను తిప్పుతున్నాయండీ" అన్నాను.

జోలాపుట్టు గట్టున మనవరాలు అడిగింది: "తాతయ్యా, నీళ్లు రాకముందు ఇక్కడ ఏముండేది?"

నాతో పనిచేసిన ఒక గిరిజన ఖలాసీ గుర్తొచ్చాడు. ఒకసారి జలాశయం మధ్యకు వేలు చూపి, "మా పొలం, మా చింతచెట్టు అక్కడే బాబూ" అన్నాడు. వాళ్లు కొండ మీదికి మారారు. నైట్ డ్యూటీలో పవర్‌హౌస్ దీపాల కింద కూర్చుని నాకు ఆ మాట చెప్పాడు. ఇంటికెళ్తే అతనికి కిరోసిన్ బుడ్డే. అది నాకు తెలుసు. అయినా ఒక్కనాడూ ఎవరికీ ఒక అర్జీ రాయలేదు. నా ఇంక్రిమెంటు కోసం మాత్రం మూడు రాశాను.

మిత్రులారా! మన చెమట గొప్పదే. కాని నేల ఇచ్చినవారి త్యాగం ఇంకా పెద్దది. మీరు పిల్లలతో అక్కడికి వెళ్లినప్పుడు సీసాలు, సంచులు నీటిలో వేయనీయకండి. బండల అంచులకు పోనీయకండి. ఫోటో తీసుకున్నాక, ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయని ఒక్క మాట చెప్పండి. నేను మనవరాలికి చెప్పాను. కాస్త ఆలస్యంగానైనా చెప్పాను.

సెలవు.