మందు కన్నా ముందు పురుగును గుర్తు పడదాం
(వార్షిక మహాసభలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, అప్పుల లెక్క పెద్దలు చెప్పారు. ఏ పుస్తకంలోనూ రాయని లెక్క ఒకటి మేము చెబుతాం. డబ్బాలో బియ్యం పిండి రాలిపోతే అది నష్టమే. పెరట్లో కాపు మీద ఉన్న కొబ్బరి చెట్టు మొవ్వు వాలిపోతే అదీ నష్టమే. ఈ రెండు చోట్లా పని చేసేవి ఒకే వంశం పురుగులు. వాటిని ముక్కు పురుగులు అంటారు.

వీటికి తల ముందు తొండంలాగా ముక్కు సాగి ఉంటుంది. నోరు ఆ ముక్కు చివరనే ఉంటుంది. బియ్యంలో పురుగును కదిపితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. చచ్చిందిలే అని మనం వదిలేస్తే కాసేపటికి లేచి నడిచిపోతుంది. వీటి పిల్ల పురుగు తెల్లగా ఉంటుంది, దానికి కాళ్లుండవు. ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి.

ముందు వంటింట్లో చూద్దాం. బియ్యపు ముక్కు పురుగు నువ్వు గింజంత ఉంటుంది. ముదురు గోధుమ రంగు, వీపు మీద ఎర్రటి మచ్చలు నాలుగు. తెల్ల పళ్లెంలో కాసిని బియ్యం పోసి వెలుగులో పెడితే కనిపిస్తుంది. తల్లి పురుగు గింజకు చిల్లి పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరుగుతుంది. మన వేడికి నెల, నెలన్నరలో చిల్లి చేసుకుని బయటికి వస్తుంది. అందుకే ఒకసారి జల్లెడ పట్టి శుభ్రమైంది అనుకుంటే కుదరదు. పదిహేను రోజులకోసారి మళ్లీ చూడాలి. గుప్పెడు ధాన్యం నీళ్లలో వేస్తే లోపల డొల్లయిన గింజలు పైకి తేలతాయి. అదొక పరీక్ష.

ముక్కు లేని పురుగైతే అది వేరే రకం. పెసలు, అలసందలు, శనగల మీద తెల్లటి చుక్కల్లా గుడ్లు అతుక్కుని, గింజకు గుండ్రటి చిల్లి ఉంటే అది పప్పు పురుగు. రవ్వలో, పిండిలో తిరిగే చదునైన ఎర్ర పురుగు పిండి పురుగు. బియ్యం గూడు కట్టి ఉండలైతే అది రెక్కల పురుగు పిల్లల పని.

వెతకాల్సింది డబ్బాలోనే కాదు. పాత గోనె సంచుల కుట్లలో, డబ్బా అడుగున మిగిలిన నూకలో, గోడ పగుళ్లలో, కోళ్ల దాణా మూటలో కూడా చూడండి. కొత్త బియ్యం పాత సంచిలో పోస్తే పురుగును మనమే పిలిచినట్టు. సంఘంగా కలిసి సరుకు కొనే చోట ఇది ఇంకా ముఖ్యం. ఒక బస్తాలోది పంచుకున్న అందరి ఇళ్లకూ చేరుతుంది.

ధాన్యం, అపరాలు మంచి ఎండలో పలచగా ఎండబెట్టి, చల్లారాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పోయాలి. బియ్యాన్ని మాత్రం నీడన ఆరబెట్టి చెరగాలి. గట్టి ఎండ తగిలితే నూకవుతుంది. జల్లెడలో పడినవి గోడవార పారబోయకండి, తిరిగి లోపలికే వస్తాయి. వేడినీళ్లలో వేయండి, లేదా కోళ్లకు వేయండి. విత్తనాల అపరాలకు మన పెద్దలు ఆముదం పట్టించేవారు. పప్పు పురుగు గుడ్డు నిలవకుండా అది పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరు గుడ్డలో మాత్రలు కట్టి బియ్యం డబ్బాలో పెడతారు. ఆ మాత్రకు తేమ తగిలితే విషపు గాలి వస్తుంది. అది గోదాముల్లో, మూసేసి, శిక్షణ పొందినవాళ్లు వాడేది. మనం పడుకునే ఇంట్లో పెడితే ప్రాణాలు పోతాయి. దానికి విరుగుడు లేదు. బియ్యం పోతే కొనుక్కోవచ్చు. పిల్లలు నిద్రపోయే గదిలో ఆ మాత్ర వద్దు, ఏ ఇంట్లోనూ వద్దు.

ఇక పెరడు. కొబ్బరికి వచ్చే ఎర్ర ముక్కు పురుగు అంగుళం పైన ఉంటుంది. ఎర్రటి ఒళ్లు, మెడ మీద నల్ల చుక్కలు, వంకర ముక్కు. ఇది బయట కనిపించేది తక్కువ. పిల్లలు మాను లోపల తింటాయి. మానుకు చిల్లులు, గోధుమ రంగు జిగురు కారడం, నమిలిన పీచు బయటికి రావడం దీని గుర్తులు. మానుకు చెవి ఆనిస్తే కొరికే చప్పుడు వినిపిస్తుంది. మొవ్వు వాలేదాకా ఆగితే చెట్టు దక్కడం కష్టం. చిల్లి చూసిన రోజే ఉద్యాన సిబ్బందికి చెప్పాలి. కోనసీమ వాళ్లకు అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అక్కడ అడగొచ్చు.

ఈ పురుగు పచ్చి గాయం వాసనకు వస్తుంది. అందుకే పచ్చి మట్టను మానుకు ఆనించి నరకొద్దు, నాలుగు అడుగుల మట్ట వదిలి నరకాలి. ఎక్కడానికి మానుకు మెట్లు కొట్టొద్దు. చచ్చిన చెట్టును కంచె వార పడేయకుండా చీల్చి కాల్చేయాలి.

పెంటపోగులో వంకరగా పడుకున్న లావుపాటి తెల్ల పురుగులకు ఆరు కాళ్లుంటే అవి ముక్కు పురుగు పిల్లలు కావు, కొమ్ము పురుగు పిల్లలు. అలాగని వదలొద్దు. కొమ్ము పురుగు మొవ్వుకు చేసిన చిల్లిలోంచే ముక్కు పురుగు దూరుతుంది. పోగు తిరగేసి ఏరేస్తే రెండింటికీ అడ్డు కట్టినట్టే.

మామిడిలో పండు పైకి బాగుండి టెంక లోపల పురుగు ఉంటే అదీ ముక్కు పురుగే. రాలిన కాయలు, టెంకలు ఏరి నాశనం చేస్తే వచ్చే ఏడాదికి తగ్గుతుంది.

అక్కలారా, మా సంఘం కోరేది ఒక్కటే. నెలకోసారి జరిగే సమావేశానికి ఇంట్లో, పెరట్లో దొరికిన పురుగును అగ్గిపెట్టెలో పెట్టి తీసుకురండి. ముక్కుందా, కాళ్లున్నాయా, ఎక్కడ దొరికింది అని కలిసి చూద్దాం. తెలియకపోతే వ్యవసాయ సిబ్బందికి చూపిద్దాం. పేరు తెలిశాకే మందు మాట. అవసరం లేని మందుకు పెట్టే డబ్బు మన పొదుపు పుస్తకంలోనే ఉంటుంది.