పెరటి పొగపొయ్యి : రుచి, శుచి, జాగ్రత్త

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము)



మాంసము వండు విధానమును గూర్చి పంచాయతీ సభ్యులకు ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. 1992లో జరిగిన 73వ సవరణ వలన మన రాజ్యాంగమున చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు గలవు. కోళ్ల పెంపకము, వంటచెరకు, ఆహార పదార్థముల తయారీ పరిశ్రమలు ఆ పట్టికలోనివే. ఒక పెరటిలో కట్టెల పొగపై కోడిని వండుటలో ఈ మూడును కలిసివచ్చుచున్నవి. వండువారు ఒక కుటుంబమే కావచ్చును. ఆ విందునకు వచ్చువారు ఊరివారు, నిప్పురవ్వ ఎగిరినచో నష్టపడువారును ఊరివారే.

కట్టెల వంట మనకు క్రొత్త కాదు. మారేడుమిల్లి, అరకు ప్రాంతములలో కోడిమాంసమును వెదురుబొంగులో కూరి నిప్పులపై కాల్చుదురు. తెలంగాణమున మాంసమునకు ఉప్పు, పసుపు పట్టించి, ఎండబెట్టి, ఒట్టితునకలుగా నిలువచేయుదురు. నేను చెప్పబోవు పద్ధతి వీనికి భిన్నమైనది. ఇందు మంట ఒకచోట, మాంసము వేరొకచోట ఉండును. నడుమ వేడిగాలియు పొగయు మాత్రమే ప్రయాణించును.

అమెరికాలో దీనిని బార్బెక్యూ అందురు. కరిబియను ద్వీపవాసులు కఱ్ఱలతో కట్టుకొను మంచె పేరే స్పానిష్ భాష ద్వారా ఈ మాటగా మారినది. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో ఈ వంటను నేర్పుగా తీర్చిదిద్దినవారిలో ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిపోబడినవారును, వారి సంతతివారును ముఖ్యులు. టెక్సస్ రాష్ట్రమున 19వ శతాబ్దిలో స్థిరపడిన జర్మను, చెక్ జాతులవారు తమ మాంసపు అంగళ్లలో అమ్ముడుపోని మాంసమును పొగబెట్టి అమ్మసాగిరి. అచటి లాక్‌హార్ట్ అను చిన్న పట్టణమునకు ఈ వంటవలననే పేరు వచ్చినది. నేడు డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరములలో మన తెలుగువారు వేలాదిగా నివసించుచున్నారు. వారి పెరళ్లలోని ఆ పొయ్యి స్వగ్రామపు పెరటికి కూడ రావచ్చును. అది వచ్చునప్పుడు దానితోపాటు దాని క్రమశిక్షణయు రావలెను.

పొయ్యి నిర్మాణము

ఇనుప పీపాతో గాని, ఇటుకలతో గాని పొగపొయ్యిని కట్టుకొనవచ్చును. ఒక కొనయందు క్రిందిభాగమున మంటగది, మధ్య మాంసము నుంచు జల్లెడ, రెండవ కొనయందు పొగగొట్టము ఉండవలెను. మంటగది తలుపు కొలదిగా తెరచి మూసి గాలిని అదుపు చేయవలెను. పురుగుమందులు, రసాయనములు నిలువయుంచిన పీపాను ఎన్నడును వాడరాదు. ఎంత కడిగినను విషము పూర్తిగా పోయెనని చెప్పలేము. జస్తుపూత పూసిన రేకు మంట తగిలినచో హానికరమైన ఆవిరి వెలువడును. కావున దానిని మంటగదికి వాడరాదు.

పొగ దట్టముగా నున్నకొలది రుచి హెచ్చునని కొందరి భ్రమ. పచ్చికట్టెలు పెట్టినను, గాలిని బిగించినను తెల్లని దట్టమైన పొగ వచ్చి మాంసముపై మసిగా పేరుకొని చేదెక్కించును. బాగుగా ఎండిన కట్టెతో చిన్నమంటను చురుకుగా మండనిచ్చినచో, కంటికి కనబడీ కనబడని పలుచని నీలిపొగ వచ్చును. అదియే మంచి పొగ.

ఏ కట్టె మంచిది?

మామిడి, జామ, తుమ్మ వంటి గట్టికట్టెలు తగినవి. జిగురుగల సరళజాతి కట్టెలు, రంగుపూసిన పాత తలుపులు, జిగురుతో అతికిన ప్లైవుడ్డు పనికిరావు. మన పెరళ్లలో విరివిగా నుండు గన్నేరు విషవృక్షము. దాని పుల్లను మాంసము గ్రుచ్చుటకైనను వాడరాదు.

ఇచ్చట మీకొక విశేషము మనవి చేసెదను. చెరువుగట్లను, పోరంబోకు భూములను ఆక్రమించిన సర్కారు తుమ్మను మీరెల్లరు నెరుగుదురు. దానిని 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి. టెక్సస్ వాసులు పొగవంటకు వాడు మెస్కీట్ అను చెట్టు దీనికి దగ్గరి బంధువు. ఆ జాతి కట్టె వేడి ఎక్కువ, పొగ ఘాటు ఎక్కువ. అందువలన దానిని ముందుగా కాల్చి నిప్పులుగా చేసికొని వాడుట మేలు. నీడనిచ్చు మామిడిని నరకుటకంటె, చెరువును మ్రింగుచున్న ఈ తుమ్మను పంచాయతీ అనుమతితో కొట్టి, ఎండబెట్టి వాడుకొనుట ఊరికి లాభము.

వేడియే రక్షణ

పొగగదిలో వేడి 110 నుండి 130 సెంటిగ్రేడు డిగ్రీల వరకు నిలకడగా ఉండవలెను. కండలను బంధించి యుంచు కొలాజెన్ అను పదార్థము దీర్ఘకాలపు వేడికి కరగి జిలాటిన్‌గా మారును; ముదురు మేకమాంసము సైతము మెత్తబడుట దీనివలననే. పెద్ద మాంసఖండము లోపలి వేడి 65, 70 డిగ్రీల దరిదాపున గంటల తరబడి కదలక నిలిచిపోవచ్చును. మట్టికుండ చెమర్చి నీటిని చల్లబరచునట్లు, మాంసము చెమర్చి తన్నుతాను చల్లబరచుకొనుటయే ఇందులకు కారణము. అట్టి సమయమున ఆత్రపడి మంట పెంచినవాడు పైభాగమును మాడ్చుకొనును.

కిలోన్నర బరువుగల ఫారము కోడికి సుమారు మూడు గంటలు, మేక జబ్బకు ఐదారు గంటలు పట్టవచ్చును. అయినను గడియారమును నమ్మరాదు. రంగును అసలే నమ్మరాదు. కట్టెపొగలోని వాయువులు మాంసపు ఎఱ్ఱదనమును నిలిపియుంచును గనుక, పూర్తిగా ఉడికిన కోడియు అంచున గులాబివర్ణముతో కనబడును. పైకి ముదురురంగు తిరిగిన కోడి లోపల పచ్చిగా నుండవచ్చును. వంటకు వాడు సూదిమొన ధర్మామీటరును తొడయొక్క దళసరి భాగమున ఎముకకు తగులకుండ గ్రుచ్చి చూడవలెను. కోడికి 74 డిగ్రీలు వచ్చితీరవలెను. జ్వరము చూచు ధర్మామీటరు ఇందుకు పనికిరాదు.

పొగబెట్టిన మాంసము చెడిపోదను నమ్మకము ప్రమాదకరమైనది. పొగ పైపొరను మాత్రమే తాకును. పూర్వులు మాంసమును నెలల తరబడి నిలువయుంచినది మిక్కుటమైన ఉప్పువలనను, తేమ హరింపజేయుటవలనను. పెరటిలో వండిన మెత్తని మాంసమున ఆ రెండును లేవు. 5 మొదలు 60 డిగ్రీల నడుమ సూక్ష్మక్రిములు త్వరితముగా వృద్ధిపొందును. వండిన మాంసమును రెండు గంటలకు మించి బయట నుంచరాదు. మన వేసవి ఎండలలో ఒక గంటయే హద్దు. ఉప్పు, కారము పట్టించిన పచ్చిమాంసమునకును ఇదే నియమము వర్తించును; మంచుపెట్టె లేనిచో రాత్రియంతయు నానబెట్టరాదు. పచ్చిమాంసమును తాకిన కత్తి, పళ్లెము, చేతులు కడుగక వండినదానిని ముట్టరాదు.

మరియొక మాట. పొగబెట్టి తయారుచేసిన మాంసములతో సహా సంస్కరింపబడిన మాంసములు క్యాన్సరు కారకములని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2015లో నిర్ణయించినది. క్రొవ్వు మంటపై బొట్లుబొట్లుగా పడి కాలినపుడు హానికర పదార్థములు హెచ్చును. మంటను మాంసమునకు దూరముగా నుంచుటలోని మేలు ఇదియు నొకటి. కావున దీనిని పండుగనాటి వంటగానే ఎంచవలెను, నిత్యాహారముగా కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది అగ్నిభయము. పూరిండ్లకు, గడ్డివాములకు, విద్యుత్తు తీగలకు దూరముగానే ఈ పొయ్యి నుంచవలెనని దండోరా వేయించుడు. ప్రక్కన నీటితొట్టియు ఇసుకయు ఉండవలెను. బూడిదలో నిప్పు మరునాటివరకు దాగియుండును. నీరు చల్లనిదే పెంటపై పోయరాదు. ఇంటిలోపలగాని, మూసిన వసారాలోగాని ఈ పొయ్యిని వెలిగించరాదు. బొగ్గుపులుసు వాయువుకన్న ప్రమాదకరమైన, వాసనలేని విషవాయువు నిదురలోనే ప్రాణము తీయగలదు.

రెండవది శుచి. కోత జరుగు చోటును, నీటి వసతిని మీరు స్వయముగా చూడుడు. ఈకలు, ప్రేవులు చెరువులో పడవేయనీయక, సున్నము చల్లి గోతిలో పూడ్పించుడు.

మూడవది జీవనోపాధి. మహిళా పొదుపు సంఘముల సభ్యులు జాతరలలో ఈ వంటను అమ్మదలచినచో, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద నమోదు చేయించుకొనుటకు వారికి తోడ్పడుడు. ఒక ధర్మామీటరు, ఒక మంచుపెట్టె వారిచేత మొదట కొనిపించుడు. బల్లలు, బోర్డులు తరువాత కొనవచ్చును. పొగ రోజంతయు పీల్చువారు ఆ స్త్రీలే గనుక, పొగగొట్టము తలకంటె ఎత్తుగా నుండునట్లు చూడుడు.

విందు ముగిసిన మరునాడు ఊరిలో ఒక్క బిడ్డయు వాంతులతో, విరేచనములతో మంచము పట్టకున్ననే ఆ వంట బాగుగా నున్నదని చెప్పవలెను. పొగ రుచి నిచ్చును. రక్షణ నిచ్చునవి వేడియు, శుచియు మాత్రమే. ఈ ఒక్కమాట మీ గ్రామములలో ఇంటింటికి చేర్పవలసినదిగా కోరుచు విరమించుచున్నాను.