మేడలు లేచినా ఆగని నగరం
(మక్తల్‌లో చేసిన స్మారకోపన్యాసం)

ఈ ఉపన్యాసం ఏ సారు పేరు మీద జరుగుతోందో ఆయన భూగోళం ఎట్లా చెప్పేవారో నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఒక్క సంగతే చెబుతాను. సారు అన్నం ముందు కూర్చుంటే ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. అట్లాసు ముందు కూర్చున్నా అంతే. కళ్లారా చూశాకే నోరు విప్పాలి. మహానగరాల గురించి నాకూ కొందరు పట్టణ అర్థశాస్త్రవేత్తలకూ చాలా కాలంగా నడుస్తున్న తగాదా కూడా చూడటం గురించే.

తెలిసిన చరిత్ర జోలికి ఎక్కువ పోను. 1591లో హైదరాబాదు పుట్టుక, 1908లో మూసీ వరద, విశ్వేశ్వరయ్య రాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, గండిపేట, హిమాయత్‌సాగర్ అన్నీ మీకు తెలుసు. బెంగళూరుది కెంపెగౌడ కోట, కంటోన్మెంటు, ఆపైన కార్ఖానాల కథ. రెండు నగరాలూ 2007లోనే గ్రేటర్ అయ్యాయి. హైదరాబాదు 12 మునిసిపాలిటీలను, 8 పంచాయతీలను కలుపుకొంది. బెంగళూరు 110 ఊళ్లను, వాటితో పాటు చుట్టూ ఉన్న మునిసిపాలిటీలను కలుపుకొంది. స్వభావంలో ఇంత తేడా ఉన్న నగరాలు ఒకే తీరున ఎందుకు పరుచుకున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక జవాబు పట్టణ పరిశోధకులు ఆలెన్ బెర్తో, జాన్ బ్రూక్నర్ 2005లో బెంగళూరు మీద రాసిన వ్యాసంలో ఉంది. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తుల మొత్తం వైశాల్యం ఉండవచ్చో చెప్పే ఎఫ్.ఎస్.ఐ. పరిమితి తక్కువగా ఉంటే నడిబొడ్డున ఇళ్లు చాలవు, జనం అంచులకు పోతారు, నగరం పరుచుకుంటుంది, రాకపోకల ఖర్చు కుటుంబాల మీద పడుతుంది అన్నది వారి వాదన. ముంబయి దీవి నగరంలో 1991 నిబంధనలు ఈ పరిమితిని 1.33 దగ్గర ఆపినందుకు బెర్తో చేసిన విమర్శ కూడా ప్రసిద్ధమే. ఆ విమర్శలో నిజముంది. మనిషికి నిలువ నీడ కరువైన నగరంలో అంతస్తులకు అడ్డం పడటం తప్పే. కానీ అక్కడి నుంచి మన అర్థశాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేశారు: ఎత్తు వదిలేయండి, పరుచుకోవడం ఆగుతుందన్నారు.

హైదరాబాదు ఆ పని చేసి చూపించింది. 2006 నాటి 86వ నంబరు జీవోతో ఎఫ్.ఎస్.ఐ. పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ ఎంత జాగా వదిలారు అన్నవే ఎత్తును నిర్ణయిస్తాయి. యాభై అంతస్తులు దాటిన మేడలు లేచాయి. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. మరి నగరం ఆగిందా? 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డును దాటి, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల దాకా వెంచర్ల రాళ్లు పాతుకుంటూ వచ్చింది.

జీవో లేకపోతే ఇంకా ఎక్కువ పరుచుకునేదని ఆ అర్థశాస్త్రవేత్తలు జవాబిస్తారు. ఆదాయాలు పెరిగి, ప్రయాణం చవకైతే అంచు జరగడం సహజమని వారి సూత్రమే చెబుతుందని కూడా అంటారు. ఈ రెండో మాట ఒప్పుకుంటాను. మొదటిదాన్ని ఎవరూ రుజువు చేయలేరు. పైగా బెర్తో, హ్యారీ రిచర్డ్‌సన్ కలిసి చూపిన లెక్కే వారికి ఎదురు నిలుస్తుంది. 1990లో అట్లాంటా జనాభా 25 లక్షలు, బార్సెలోనాది 28 లక్షలు. అట్లాంటా 4,280 చదరపు కిలోమీటర్లు ఆక్రమించింది, బార్సెలోనా 162 చదరపు కిలోమీటర్లలో ఒదిగింది. ఆకాశహర్మ్యాలున్నది అట్లాంటా నడిబొడ్డున. బార్సెలోనాలో చాలా భాగం, 19వ శతాబ్దంలో సెర్దా గీసిన ప్రణాళిక ప్రకారం, ఐదారు అంతస్తుల వరుస ఇళ్లే. దగ్గరగా బతకడానికి ఎత్తు తప్పనిసరి కాదు. ఎత్తు ఉన్నంత మాత్రాన దగ్గరితనమూ రాదు.

ఆ సూత్రం తప్పటడుగు వేసేది ఇక్కడే: అంచున భూమి కొన్నవాడు అక్కడ ఉండటానికే కొంటాడని అది అనుకుంటుంది. మన దగ్గర ప్లాటు బంగారం లాంటిది, కొని దాచుకుంటారు. ఎకరాల లెక్కన రైతు అమ్మింది గజాల లెక్కన చేతులు మారుతుంది, ఏళ్లు గడిచినా ఇల్లు లేవదు. 2020లో అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు తెలంగాణలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అవన్నీ తల దాచుకునే చోటు కోసం వచ్చినవని ఎవరు చెప్పగలరు? నడిబొడ్డున ఎంత ఎత్తు కట్టనిచ్చినా ఈ కొనుగోలు ఆగదు. అపార్ట్‌మెంటులో ఉండేవాడే జడ్చర్ల దగ్గర ప్లాటు కొంటున్నాడు. పడావు పడ్డ ఆ చేను మీద పని పోయిన కూలీ మళ్లీ నగరానికే పోతాడు.

ఉపగ్రహ చిత్రాలతో నగరాలను పోల్చేవారికి ఇల్లు లేవని ఈ ప్లాట్లు కంటికి ఆనవు. వారు లెక్కపెట్టేది కప్పులను. రాళ్లు పాతి వదిలేసిన భూమి వారి పటంలో ఇంకా పొలమే. హెచ్‌ఎండీఏ పటంలో ఉండేది అనుమతి పొందినదే. ఏ నెలలో, ఏ ఊరి శివారులో మట్టి తవ్వారో రాసుకున్న కాగితం వేరే ఉంది. అది కూలీలను గుంపుగా పనులకు తీసుకుపోయే పాలమూరు గుంపు మేస్త్రీ పద్దు పుస్తకం. ఎవరికి ఎంత అడ్వాన్సు, ఏ ఊరి గుంపు, ఏ సైటు, ఎన్ని రోజులు అన్నీ అందులో ఉంటాయి. ఆనకట్టలకూ, ముంబయికీ, పుణెకూ, బెంగళూరుకూ, హైదరాబాదుకూ మన జిల్లా కూలీలు పోయిన దారులన్నీ ఆ పుస్తకాల్లో దొరుకుతాయి. ముంబయి కామాటిపురలో 18వ శతాబ్దం చివర స్థిరపడిన తెలుగు కూలీల నాటి నుంచీ ఈ వలస ఉంది, కానీ దాన్ని నగర చరిత్రకు ఆధారంగా వాడుకున్నవారు తక్కువ.

ప్రస్తుతం నేను చేస్తున్న పని ఇదే. పద్దుల్లోని సైట్లను, నగరంలో పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డాలను కలిపి, దశాబ్దాల వారీగా ఒక పటం గీస్తున్నాను. అంచు ఎప్పుడు ఎక్కడికి జరిగిందో మట్టి పని తేదీలు చెబుతాయి. ఇల్లు లేచిందా, రాళ్లే మిగిలాయా అన్నది ఆ తర్వాత పోయి చూసి తేల్చవచ్చు. హైదరాబాదు తర్వాత బెంగళూరుకూ ఇదే పద్ధతి వాడతాను. అక్కడా మన గుంపులు పని చేశాయి కాబట్టి రెండు నగరాలనూ ఒకే చేతి రాతతో పోల్చగలుగుతాం.

మక్తల్, మాగనూరు, ఊట్కూరు, నర్వ ఊళ్ల నుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు. మీ ఇళ్లలో తాతల నాటి మేస్త్రీ పుస్తకాలు ఉంటే, తెలుగులో ఉన్నా, కన్నడంలో ఉన్నా, ఉర్దూలో ఉన్నా, చినిగిపోయినా సరే, రేపు ఉదయం ఇక్కడికే తీసుకురండి. మీ ఎదుటే ఫొటోలు తీసుకొని పుస్తకం మీ చేతికే ఇచ్చేస్తాను. కూలీల పేర్లు, బాకీలు అచ్చు వేయను. ఊరు, సైటు, నెల, ఈ మూడే నాకు కావాలి.