ప్రత్యేక విద్యను నడిపించే అధికారుల అర్హత



బళ్లారిలో ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు పిలిస్తే పలకడు, అడిగితే చెప్పడు అనుకొనండి. రాయదుర్గం వైపు నుండి జీన్సు కుట్టుపనికి వచ్చిన కుటుంబం. ఇంట తెలుగు, బడిలో కన్నడం. వానికి భాష రాదా, చెవి వినబడదా, బుద్ధివికాసమే ఆలస్యమా? మూడింటికీ పైకి కనబడే లక్షణం ఒక్కటే. వినికిడి లోపమున్న బిడ్డను ‘కన్నడం వస్తే సరిపోతుందిలే’ అని వదిలివేస్తే విలువైన ఏళ్లు గడచిపోతాయి. భాష మాత్రమే రాని బిడ్డను ఆ రాని భాషలోనే పరీక్షించి మందబుద్ధి అని వ్రాస్తే, ఆ మాట బడి మారినా వెంట వస్తుంది.

ఈ భేదాన్ని గుర్తించగల ప్రత్యేక ఉపాధ్యాయునికి చట్టం అర్హతను నిర్ణయించినది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన శిక్షణ ముగించి కేంద్ర రిజిస్టరులో పేరు నమోదైనవారే ఆ ఉద్యోగం చేయవలెను. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి నేటి లెక్కలో ఏపాటిది!

అయితే ఆ ఉపాధ్యాయుణ్ణి బిడ్డ వద్దకు పిలిపించేది ప్రధానోపాధ్యాయుడు, ఆపైన బీఈఓ. వారికి ఆ రిజిస్టరులో పేరుండనక్కరలేదు. చిక్కు ఇక్కడనే ఉన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్, అన్ని స్థాయిల బడులలోనూ సిబ్బందికి శిక్షణ ఇచ్చే బాధ్యతను ప్రభుత్వంతోపాటు స్థానిక సంస్థలపైనా ఉంచినది. 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలుగల పదిమందికి, ఆపైన పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండవలెనన్నది. తక్కిన ఉపాధ్యాయులకు, సిబ్బందికి కూడా శిక్షణ తప్పనిసరి అన్నది. అయితే ఆ శిక్షణ ఎంతకాలమో, చివర ఏ పరీక్షో చట్టం చెప్పలేదు. రెండు పూటల సభ పెట్టి సంతకాలు తీసుకొన్నా శిక్షణే అనిపించుకొంటుంది.

సరిహద్దు జిల్లాలో అధికారికి ముందు తెలియవలసినది పరీక్షల వరుస. తొలుత చెవి, తరువాతనే బుద్ధి. అదీ బిడ్డ ఇంటి భాషలో. మరొకటి కాగితాల సంగతి. అనంతపురంలో పొందిన వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుందని అదే చట్టం 58వ సెక్షన్ చెప్పుచున్నది. అది తెలియని అధికారి ‘ఇక్కడిది తెండి’ అని త్రిప్పి పంపితే, ఆనాటి కూలి పోయేది తల్లికి.

బడికి వెళ్లిన తల్లిదండ్రులు మూడు సంగతులు అడుగవచ్చును: పరీక్షించినవారి రిజిస్టరు సంఖ్య ఏది, ఏ భాషలో పరీక్షించారు, వినికిడి చూశారా. జవాబును కాగితంపై వ్రాయించుకొనవలెను.